గూట్లో ఎర్ర దేవుడు

కడప,
16 జూన్ 2024, ఆదివారం

అన్నకు,

చైత్రను మీ ఇంట్లో వదిలి వచ్చి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో మా ఇంట్లో ఒక్క వస్తువు కూడా కింద పడలేదు. పెట్టిన చెంచా పెట్టిన చోటే ఉంది. నాకది బాగాలేదు. డ్యూటీ నుంచి వచ్చి ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని ఉమామహేశ్ ఎగతాళి చేస్తున్నాడు. ఆయన లారీ ఎక్కితే పది రోజులకు గానీ దిగడు, ఆయనకేం తెలుస్తుంది. నీకు ఫోన్లో వినపడదు. వదినతో చెప్పిస్తే నేనన్న పది మాటల్లో నాలుగే నీకు చేరతాయి, ఆ నాలుగూ వదిన మాటలై చేరతాయి. నర్సింగ్ హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ మనకు ఈ అలవాటు ఉంది కదా, ఉండనీ.

చైత్రకు తల దువ్వేటప్పుడు చెవి వెనక చిక్కు పడుతుంది, లాగవద్దని వదినకు చెప్పు. పాలలో పసుపు వేస్తే తాగదు. రెండో తరగతి పుస్తకాలు సంచి అడుగున పెట్టాను. ఇన్నాళ్లూ దాన్ని చూసుకున్న విశ్వాసమ్మ తన కూతురి దగ్గరికి వెళ్లిపోకపోతే నేను పిల్లను ఇంత దూరం పంపేదాన్ని కాదు. డిసెంబరులో నా డ్యూటీలు మారతాయి. అప్పుడు తీసుకొస్తాను.

ఇక అసలు సంగతి. ఎన్నికల ముందు, మార్చిలో, నాయన తుపాకిని స్టేషన్లో అప్పగించి వచ్చావు. ఫలితాలు వచ్చాయి కాబట్టి లైసెన్సు ఉన్నవాళ్లంతా వెనక్కి తెచ్చుకుంటారు. నువ్వు తేవద్దు. చైత్ర ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది స్టేషన్లోనే ఉండనీ.

ఎందుకంటున్నానో చెప్తాను. పోయిన నెల మా పిల్లల వార్డుకు అయిదేళ్ల పాప వచ్చింది. అడవిపందుల కోసమని వాళ్ల నాన్న గోడకు తగిలించిన తుపాకిని వాళ్లన్న ఆటకని దించాడు. పాప బతికింది, కుడిచేయి దక్కలేదు. ఆ తండ్రి మంచం పక్కన కూర్చుని వారం రోజులూ ఒకే మాట అన్నాడు. "ఖాళీగా ఉండాదనుకుంటిని సిస్టరమ్మా. ఖాళీగా ఉండాదనుకుంటిని." ఇప్పటికీ ఆ మాట నా చెవుల్లోనే ఉంది.

వెంటనే జవాబు రాయి. మిగతా విషయాలకు రాయకపోయినా దీనికి రాయి.

నీ చెల్లెలు,
రమణి

*

ఎర్రమట్టిపల్లె,
2 జూలై 2024

చెల్లెలు రమణికి అన్న నాగన్న దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ హనుమేష్ సంచిలో బ్యాంకు నోటీసులు తప్ప మనిషి చేత్తో రాసిన కాగితం నీదొక్కటే అట. "మీ రమణక్క ఉన్నంత వరకు నా ఉద్యోగానికి భయం లేదప్పా" అని ఇచ్చి, మజ్జిగ తాగి పోయినాడు.

వాన ఒకసారి పడి ముఖం చాటేసింది. శెనక్కాయ విత్తడమా మానడమా అని ఊరంతా ఆకాశం చూస్తోంది. నేను సగం చేను విత్తి సగం ఆపాను. రెండు వైపులా తిట్లు తప్పవు.

చైత్ర బాగుంది. మేకలన్నిటికీ పేర్లు మార్చేసింది. పాత పేరుతో పిలిస్తే నన్ను కోప్పడుతోంది. నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరవాలని దానికి ఎవరూ చెప్పలేదు, అదే కనిపెట్టింది. కుడిచెవి పూర్తిగా పోయిందని చెప్తే ఎక్కడికి పోయింది, ఎప్పుడు వస్తుంది అని అడిగింది. దేవుని గదిలో దూలానికి చిల్లులెందుకున్నాయని కూడా అడిగింది. వడ్రంగి పిట్ట పొడిచిందన్నాను. తలుపులేసిన ఇంట్లోకి పిట్ట యాడ నుంచి వచ్చిందని పట్టుకుంది. రెండు రోజులు నన్ను వదల్లేదు.

పొద్దున ఉగ్గాని తింటోంది. పాలలో పసుపు వేయడం లేదు. మీ వదిన శివజ్యోతి దానికి రెండు జడలు వేసి, విప్పి, మళ్లీ వేస్తోంది. ఇంట్లో పిల్ల తిరుగుతుంటే మీ వదిన నడకే మారిపోయింది. ఇది నీకు రాయమని తనేమీ చెప్పలేదు. నేను చూసింది రాస్తున్నాను.

తుపాకి సంగతి నాకు వదిలెయ్. దాని గురించి నువ్వు ఆలోచించవద్దు.

ఉమామహేశ్‌ను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నాగన్న

*

కడప,
14 జూలై 2024

అన్నా,

"నాకు వదిలెయ్" అంటే ఏమిటి? రెండు పేజీలు మేకల గురించి రాసి, నేను అడిగిన ఒక్క మాటకు రెండు ముక్కలు రాశావు. ఆ రెండు ముక్కల్లో జవాబు లేదు.

ఇవాళ ఆదివారం కదా, వదిన ఫోన్లో చైత్రతో మాట్లాడాను. బడి, మేక, కొత్త గౌను అన్నీ చెప్పి చివర్లో ఏమందో తెలుసా? "మామ బండి మీద గోనెపట్టలో తుపాకి తెచ్చినాడమ్మా. నేను చూసినా. నన్ను లోపలికి పొమ్మన్నాడు." నేను వద్దని రాసిన తర్వాత తెచ్చావు. తెచ్చి, తెచ్చానని కూడా రాయలేదు.

ముట్టుకోవద్దని పిల్లకు చెప్పాను అంటావేమో. చెప్పడం తాళం కాదన్నా. కలకండ డబ్బా ముట్టుకోవద్దని దానికి మూడేళ్లుగా చెప్తున్నాను. డబ్బా ఎత్తులో పెట్టిన కొద్దీ కుర్చీ మీద కుర్చీ ఎక్కించడం నేర్చుకుంది. ఏడేళ్ల పిల్లకు వద్దన్న వస్తువు మీదే కన్ను. నువ్వూ నేనూ అట్లాగే పెరిగాం.

దాన్ని వెంటనే విప్పేసి, తాళం వేసి పెట్టు. తూటాలు వేరే చోట, వేరే తాళంలో ఉండాలి. తాళంచెవులు మేకుకు తగిలించకు, నీ ఒంటి మీద ఉంచుకో. ఇవన్నీ చేసినా నాకు నిద్ర పట్టదు, ఎందుకంటే అసలు అది ఆ ఇంట్లో ఎందుకుండాలో నాకు అర్థం కావడం లేదు. నాయన గుర్తుగా ఉంచుకున్నావా? గుర్తు కావాలంటే ఆయన తలపాగా ఉంది, చేతికర్ర ఉంది. ఆ మనిషి గుర్తులు నాకైతే ఏవీ అవసరం లేదు. సరే, ఆయన గురించి నేను మాట్లాడను.

నిన్న వార్డులో ఒక సూది రెండుసార్లు వెతుక్కున్నాను. నా చేతిలోనే ఉంది. ఇలా అయిపోయాను.

రమణి

*

ఎర్రమట్టిపల్లె,
4 ఆగస్టు 2024

రమణమ్మకు,

నీ కోపం చూసి వారం రోజులు జవాబు రాయలేదు. రాయడం మొదలుపెట్టి రెండు కాగితాలు చించాను. రేపటి నుంచి శ్రావణం, ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి ఊరు ఊరే కదులుతోంది. చైత్ర ట్రాక్టరులో పోవాలని కొత్త గౌను వేసుకుని అరుగు మీద కూర్చుంది. మనం పోయేది పై సోమవారమని చెప్పినా లేవలేదు.

నువ్వడిగినవన్నీ నేను ముందే చేశాను. రాయడమెందుకని ఊరుకున్నాను, అదే నేను చేసిన పొరపాటు. స్టేషన్లో ఎవరి తుపాకి వాళ్లు తీసుకుపొమ్మని కబురు పంపారు, అందుకే తెచ్చాను. తెచ్చిన గంటలోనే మూడు ముక్కలుగా విప్పాను. గొట్టం ఇనుప ట్రంకులో ఉంది, దాని తాళంచెవి నా మొలతాడుకుంది. కట్టె పిడి చేనులో మోటారు షెడ్డులో, అదీ తాళంలోనే. మూడో ముక్క ఎక్కడుందో మీ వదినకు కూడా తెలియదు. ఇక తూటాలంటావా, ఈ ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఒక్క తూటా లేదు. పందులొస్తే డబ్బా కొట్టి తరుముతున్నాను. మీ వదిన నవ్వుతుంది. "తుపాకి పెట్టుకుని తగరం డబ్బా కొట్టేది మన జిల్లాలో నువ్వొక్కడివే కదప్పా" అంటుంది.

మరి ఎందుకుంచుకున్నావని అడిగావు. నాయన పోయినప్పుడు చిన్నాయన కొడుకు జయపాల్ వచ్చి లైసెన్సు తన పేరుకు మార్పించమన్నాడు. వాడింట్లో ముగ్గురు పిల్లలు. వాడు మేకుకు తగిలించే రకం. నా ఇంట్లో పిల్లలు లేరు కదా, నా దగ్గర ఉండటమే మేలనుకున్నాను. గుర్తు కోసం కాదు.

ఏడాదికి ఒక్కరోజు, ఆయుధ పూజ నాడు మాత్రం, ముక్కలు బిగించి గడప బయట నుంచి మీ వదిన చేతికిస్తాను. పీట మీద కొడవళ్లు, గొర్రు కర్రులు, కత్తెర, వాటి పక్కన అది. సాయంత్రానికి మళ్లీ విప్పేస్తాను. పెద్దలనాటి ఆచారం, మానేస్తే మీ వదిన బాధపడుతుంది. ఈసారి అక్టోబరు పదకొండున వచ్చింది. సెలవు పెట్టుకుని రా.

నాయన మీద నీకు కోపం ఇంకా పోలేదని తెలిసి మనసు కష్టమైంది. ఉమామహేశ్‌తో పెండ్లికి ఆయన ఆరు నెలలు ఒప్పుకోని మాట నిజమే. చివరికి ఒప్పుకున్నాడు కదా. పోయి అయిదేళ్లయింది.

చైత్ర నీకోసం బొమ్మ గీసింది. కవరులో పెట్టమని నా చేతికిచ్చి, నన్ను చూడవద్దంది. చూడలేదు. మడిచినది మడిచినట్టే పెడుతున్నాను.

నాగన్న

*

కడప,
9 ఆగస్టు 2024

అన్నా,

నువ్వు చూడని బొమ్మలో ఏముందో రాస్తాను. మీ ఇంటి దేవుని గూడు గీసింది. లక్ష్మీదేవి పటం, ఈరన్నస్వామి పటం, రెండు దీపాలు, కుంకుమ భరిణె. వాటి మధ్య ఎర్రటి గొట్టం ఒకటి, బొటనవేలంత. దాని అడుగు పసుపురంగు, మీద పెద్ద బొట్టు. కింద రాసింది: ఎర్ర దేవుడు.

నేను దాన్ని తూటా అనుకోలేదు మొదట. కాఫీ పెట్టుకోవడానికి లేచాను, గిన్నె స్టౌ మీద పెట్టాను, అప్పుడు తెలిసింది. స్టౌ ఆర్పకుండానే వదినకు ఫోన్ చేశాను.

"అదా," అంది వదిన. "శానా ఏండ్ల నుంచి గూట్లోనే ఉండాది. దేవుంది. దినమూ బొట్టు పెడతా."

"ఉట్టిగా బొట్టు పెట్టడానికేనా?"

"ఆయుధ పూజ నాడు తుపాకిలో పెడతా, సాయంత్రం మీ అన్న వచ్చే లోపల తీసి మళ్లీ గూట్లో పెడతా. ఖాళీది దేవుని ముందర పెట్టకూడదు కదమ్మా. చేటలో కూడా గుప్పెడు గింజలు ఉంచి పెడతాం. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మీ అమ్మే చెప్పింది, ఒక ఏడు తుపాకి ఖాళీగా పెట్టినారంట, ఆ ఏడే మీ అన్న చెవి పోయిందంట. మామ పోయినాక పూజ నా చేతికి వచ్చింది. అయిదేండ్ల నుంచి మరవకుండా పెడతాండా."

"అన్నకు తెలుసా?"

"ఆయప్ప ఆ గదిలోకే రాడు కదా. గడప బయటే నిలబడి చేతులెత్తి పోతాడు."

అయిదేళ్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పూలు కప్పిన పీట మీద నిండిన తుపాకి. నువ్వు నాకు రాసింది చూసుకో, ఈ ఇంట్లో ఒక్క తూటా లేదు అని. మా వార్డులో ఆ తండ్రి కూడా నీలాగే మంచివాడు. ఆ క్షణానే దాన్ని డబ్బాలో వేసి, బీరువాలో పెట్టి తాళం వేయమన్నాను. వదిన "దేవుని గూటి నుంచి తీస్తే కీడు కదా" అని ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చింది, తీసింది.

ఇంకొకటి. టపాకాయ పేలి నీ చెవి పోయిందని ఇంకా నాకు చెప్పవద్దు. నర్సింగ్ మూడో ఏడాదిలో నువ్వు హాస్టలుకు వచ్చినప్పుడు నీ తలకు నూనె పెట్టాను, గుర్తుందా? చెవి వెనక చర్మం కింద చిన్న చిన్న గింజలు చేతికి తగిలాయి. టపాకాయలో సీసపు గుండ్లుండవు. అమ్మను అడిగాను. "నాయనను మాత్రం అడగొద్దు" అంది. ఇక నాకు ఇంకేం చెప్పాలి? కన్న కొడుకు మీద తుపాకి పేల్చిన మనిషితో ఎలా మాట్లాడమంటావు? తాగి పేల్చాడో, కోపంతో పేల్చాడో అడగలేదు. పదకొండేళ్లు ఆయన ముఖం వైపు చూడలేదు. పెండ్లి సంగతి కాదన్నా, ఎప్పుడూ కాదు. నువ్వేమో ఆయన తుపాకికి ఏడాదికోసారి పూలు పెట్టిస్తున్నావు.

పిల్లలు లేనివాడివి, నీకేం తెలుస్తుంది ఈ భయం. ఈ నెలాఖరుకు వచ్చి చైత్రను తీసుకుపోతాను. ఎక్కడ ఉంచుతానో తెలియదు. అక్కడ మాత్రం ఉంచను.

రమణి

*

ఎర్రమట్టిపల్లె,
14 ఆగస్టు 2024

రమణమ్మా,

నీ ఉత్తరం అరుగు మీద నిలబడి చదివాను. చెప్పులు విడిచి నేరుగా దేవుని గదిలోకి పోయాను. ముప్పై ఏళ్ల తర్వాత ఆ గడప దాటాను. గూట్లో అది ఉన్నచోట గుండ్రంగా కుంకుమ మరక ఉంది. నాయన తెప్పించిన తూటాలు అప్పట్లోనే స్టేషన్లో ఇచ్చేశామనుకున్నాను. ఒకటి అమ్మ దేవుని దగ్గర ఉంచిందని, మీ వదిన దానికి బొట్టు పెడుతోందని నాకు తెలియదు. అన్ని తాళాలు వేసిన నేను గూడు వెతకలేదు.

బీరువాలోని డబ్బా తీసుకుని, మూడు ముక్కలూ గోనెలో చుట్టుకుని ఆ పొద్దే ఆలూరు పోయాను. రెండూ స్టేషన్లో పెట్టి రసీదు తీసుకున్నాను. ఎస్సై చిన్న వయసువాడు. తూటా మీద కుంకుమ చూసి, "ఏం పెద్దాయనా, దీనికీ పూజ చేస్తిరా?" అన్నాడు. చేశామన్నాను.

ఇక చెప్పక తప్పదు. చెప్పనని నాయనకు మాటిచ్చాను. నువ్వు ఆయన గురించి ఇట్లా అనుకుంటున్నావని తెలిసిన తర్వాత ఆ మాట నిలబెట్టుకోలేను.

ఆ ఏడు తుపాకి ఖాళీగా లేదు.

నాకు పదహారు, నీకు ఆరు. నువ్వు ఒకటో తరగతి. అప్పట్లో నాయనే ఆయుధ పూజకు ఒక తూటా పెట్టేవాడు, మీ వదిన చెప్పిన ఆ చేటలో గుప్పెడు గింజల లెక్కనే. హారతి అయిన వెంటనే తీసేవాడు. ఆ ఏడు ఆ పని నాకు చెప్పాడు. మీసాలొస్తున్నాయి కదా, నా చేత చేయించాలని ఆయనకు సంబరం. పెట్టాను. హారతి అయింది. బయట ఎద్దులకు బంతిపూల దండలు వేస్తున్నారని పరిగెత్తాను. తీయడం మరిచిపోయాను.

నువ్వు నీ పలక పూజలో పెట్టాలని లోపలికి పోయావు. పీట మీద చోటు లేదు. పలకను తుపాకి కింద పెడదామని దాన్ని ఎత్తావు. అది నీ కంటే పొడుగు. నేను గడప దగ్గరికి వచ్చేసరికి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు, చిన్న పాపను పెట్టుకున్నట్టు. గొట్టం తలుపు వైపు ఉంది. లాక్కుందామని వంగాను. నీ వేలు ఎక్కడుందో నాకు కనపడలేదు. గుండ్లు కొన్ని నా చెవి వెనక దిగాయి, మిగతావి గడప పైన దూలంలో దిగాయి. వడ్రంగి పిట్ట కాదు.

పేల్చింది నాయన కాదు. నీ చేతిలో పేలింది. నువ్వు పేల్చలేదు, ఆ తేడా నీకు తెలియాలి. తూటా పెట్టింది నేను, మరిచింది నేను, పెట్టమని చెప్పింది నాయన. ఆరేళ్ల పిల్ల పలక పెట్టుకోవడానికి వచ్చింది, అంతే.

నీకు నెల రోజులు జ్వరం. లేచేసరికి నీకేమీ గుర్తులేదు. నాయన నీ మంచం పక్కన కూర్చుని అమ్మ చేతా, నా చేతా ఒట్టు పెట్టించుకున్నాడు. ఎవరైనా నిన్ను అడుగుతారేమోనని అమ్మ ఊరందరికీ ఒకే మాట చెప్పింది: తుపాకి ఆ పొద్దు ఖాళీగా ఉండింది, అబ్బాయి చెవి టపాకాయతో పోయింది. చెప్పీ చెప్పీ కోడలికి కూడా అదే చెప్పింది. కోడలు దాన్ని నమ్మి, ఖాళీగా పెడితే కీడు జరుగుతుందని తూటా పెట్టడం మొదలుపెట్టింది. నీ కోసం చెప్పిన అబద్ధం తిరిగి తిరిగి నీ కూతురున్న ఇంటికే వచ్చింది.

పిల్లలు లేనివాడివి అన్నావు. అన్నావు, పోనీ. చైత్రను తీసుకుపోవాలంటే తీసుకుపో. మీ వదినకు నేను చెప్పుకుంటాను.

నాగన్న

*

కడప,
25 ఆగస్టు 2024

అన్నా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. సెలవు పెట్టలేదు. పిల్లలకు సెలైన్ ఎక్కించేటప్పుడు నా కుడిచేయి చూసుకుంటున్నాను. ఏమీ గుర్తు రావడం లేదు. మట్టిమిద్దె నుంచి తల మీద మన్ను రాలినట్టు మాత్రం ఉంది. అది వాన నాటిదో, ఆనాటిదో.

నీ తప్పంటావు, నాయన తప్పంటావు. అది నాకు ఇప్పుడు అక్కర్లేదు. పిల్లలు లేనివాడివన్న మాట నేను రాసి ఉండకూడదు. వదినకు చదివి వినిపించలేదని నమ్ముతాను.

ఒక్కటే అడుగుతాను, దాచకుండా రాయి. ఆయనే పేల్చాడని నేను అనుకుంటున్నట్టు నాయనకు తెలుసా?

రమణి

*

ఎర్రమట్టిపల్లె,
5 సెప్టెంబరు 2024

రమణమ్మకు,

తెలుసు.

నాయన నాతో మాట్లాడాలంటే పలక మీద రాసేవాడని నీకు తెలుసు కదా. అరవడం ఆయనకు ఇష్టముండేది కాదు. మంచాన పడ్డాక ఒకరోజు, రమణిని పిలిపిస్తాను, వచ్చి నీతో నాలుగు మాటలు మాట్లాడుతుంది అన్నాను. పలక తీసుకుని శానాసేపు రాశాడు. చేయి వణికేది అప్పటికే. "నా మీద కోపంగానే ఉండనీ. తన మీద తనకు కోపం రాకుంటే చాలు" అని రాసి, నేను చదివానని చూసుకుని, అరచేత్తో తుడిచేశాడు. నాకప్పుడు అర్థం కాలేదు. పెండ్లి సంగతనుకున్నాను. నీ ఉత్తరం చదివాక అర్థమైంది. నువ్వు అమ్మను అడిగిన రోజే అమ్మ ఆయనకు చెప్పి ఉంటుంది.

ఒక ఉగాదికి నువ్వు వచ్చినప్పుడు ఆయన బెల్లం ముక్క ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నావు. ఆ ముక్కను ఆయన జేబులో వేసుకున్నాడు. ఇది నిన్ను బాధపెట్టడానికి రాయడం లేదు. దాచవద్దన్నావు కాబట్టి రాస్తున్నాను.

మీ వదినకు నిజం చెప్పాను. దేవుని గది గడప మీద కూర్చుని పొద్దు గూకేదాకా లేవలేదు. "నేను బొట్టు పెట్టిన చేతులతోనే ఈ పిల్లకు అన్నం తినిపిస్తాండా" అంది. నువ్వు తనతో మాట్లాడితే బాగుంటుంది. పిల్లలు లేనివాడివన్న మాట తనకు చదివి వినిపించలేదు.

తుపాకి స్టేషన్లో ఎన్నాళ్లో ఉంచుకోరు. లైసెన్సే వద్దని రాసిస్తే శాశ్వతంగా తీసుకుంటారట. జయపాల్ అడిగాడు, ఇవ్వనన్నాను. వారం నుంచి మాట్లాడటం లేదు. అర్జీ కాగితం ఇందులో పెడుతున్నాను. పేరు, ఊరు, నంబరు అన్నీ నింపాను. 'కారణం' అన్న గడి దగ్గర ఆగిపోయాను. నిజం రాయలేను, అబద్ధం ఇక రాయను. అది ఖాళీగా ఉంది. నువ్వు రాసి పంపు.

చైత్ర తన బొమ్మలోని ఎర్ర దేవుడు ఎక్కడికి పోయాడని అడుగుతోంది. పోలీసు స్టేషనుకు పోయాడన్నాను. ఏం తప్పు చేశాడని అడిగింది.

నాగన్న

*

కడప,
22 సెప్టెంబరు 2024

అన్నకు, వదినకు,

ఈ ఉత్తరం వదినకు చదివి వినిపించు. వదినా, నువ్వు ఏడవవద్దు. నీకు మేమంతా అబద్ధం చెప్పాం, నువ్వు దాన్ని శ్రద్ధగా పాటించావు. చైత్రకు నీ చేత్తోనే తినిపించు. డిసెంబరు దాకా అది మీ దగ్గరే ఉంటుంది.

ఆయుధ పూజకు వస్తున్నాను. ఉమామహేశ్ కూడా లారీ దిగి వస్తానన్నాడు. పీట మీద కొడవళ్లు పెట్టండి, కత్తెర పెట్టండి. చైత్ర పుస్తకాలకు చోటు ముందే ఉంచండి. అన్నా, ఈసారి నువ్వు గడప బయట నిలబడితే నేనూ లోపలికి రాను. పూజ అయ్యాక నీ తలకు నూనె పెడతాను. నాయన ఫోటో దగ్గర బెల్లం ముక్క పెట్టాలి. అది ఎవరూ తీయవద్దు.

ఎర్ర దేవుడు ఏం తప్పు చేశాడో చైత్రకు నేనే చెప్తాను. దానికి అర్థమయ్యే మాటల్లో, ఉన్నది ఉన్నట్టు. ఇంకెక్కడైనా, ఎవరింట్లోనైనా అలాంటిది కనపడితే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పెద్దవాళ్లకు చెప్పాలని కూడా చెప్తాను. జయపాల్ ఇంటి పిల్లలను కూడా పిలిపించు, వాళ్లకూ చెప్తాను. వాడు మాట్లాడకపోయినా పిల్లలు వస్తారు.

అర్జీ ఇందులో ఉంది. కారణం దగ్గర మొదట 'పంటకు అవసరం లేదు' అని రాసి కొట్టేశాను. 'నాకు చెవులు వినపడవు' అని రాసి అదీ కొట్టేశాను. కాగితం పాడైంది. హనుమేష్‌ను అడిగితే కొత్తది తెచ్చిస్తాడు. అందులో నేను కింద రాసిందే, అక్షరం మార్చకుండా ఎక్కించి సంతకం పెట్టి ఇవ్వు.

"మా ఇంట్లో పిల్లలు ఉన్నారు. అప్పుడూ ఉన్నారు."

నీ చెల్లెలు,
రమణి